అరవై ఒక్క లైట్‌హౌస్‌లు

మా ఆయన అరవై ఒక్క లైట్‌హౌస్‌లు చూశాడని ఆ వేసవిలో మా ఊరు త్సుయామాలో చాలామంది మెచ్చుకున్నారు. ఆయన చూసినవి నాలుగు. మిగతా యాభై ఏడూ నేను చూశాను. ఊరికే చూడటం కాదు. ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని, బస్సులు మారి, ఒకడికి ఒంటికి వస్తే రెండోదాన్ని ఎవరికి అప్పగించాలో తెలియక నడిరోడ్డు మీద నిలబడి చూశాను.

చెబుతుంటే ఇప్పటికీ గొంతు లేస్తుంది. లేవనీ.

మా ఆయన కెయిజో నలభై మూడేళ్ళు ఒకే కంపెనీలో పనిచేశాడు. లేత్ మిషన్లు తయారుచేసి, కొన్నవాళ్ళ ఫ్యాక్టరీకి వెళ్ళి బిగించి వచ్చే కంపెనీ అది. మార్చి నెలాఖరున రిటైరయ్యాడు. ఏప్రిల్ అంతా సోఫాలో కూర్చున్నాడు. మే నెలలో నేను ఇల్లు ఊడ్చే మిషన్ పెట్టినప్పుడల్లా కాళ్ళు పైకెత్తాడు. జూన్‌లో వానలు పట్టుకునే వేళకి పాత ఆఫీసు స్నేహితుడెవరో ఆయనకి 'దీపాల దారి' చూపించాడు.

అదొక వెబ్‌సైటు. దేశంలో ఉన్న ప్రతి లైట్‌హౌస్‌కీ అందులో ఒక పేజీ ఉంటుంది. వెళ్ళినవాళ్ళు అక్కడ తీసుకున్న ఫోటో పెట్టి, తేదీ వేసి, నాలుగు ముక్కలు రాసి, 'వెళ్ళొచ్చాను' అన్న బొత్తాం నొక్కాలి. నొక్కితే పేరు పక్కన ఒక చిన్న దీపం వెలుగుతుంది. అంతే, అదే సరదా. 'ఫోటో ఎంత పాతదైనా ఫరవాలేదు, వెళ్ళినవాళ్ళే నమోదు చేయాలి' అని మొదటి పేజీలోనే రాసుంది. మా ఆయన మొదటి సగం చదివాడు.

"ఏమోయ్, మీరు వేసవి సెలవుల్లో తిరిగిన ఫోటోలు ఉండాలి కదా. ఎక్కడ పెట్టావు?"

పరుపుల అలమర పైఅరలో, ఏడు బిస్కట్ డబ్బాల్లో ఉన్నాయి. స్టూలెక్కి నేనే దింపిచ్చాను.

నిజం చెప్పాలంటే మొదటి వారం నాకు సంతోషంగానే ఉంది. మా పెద్దది కొజుయేకి నాలుగేళ్ళప్పుడు లైట్‌హౌస్‌ల పిచ్చి పట్టింది. ఆ తర్వాత తొమ్మిది వేసవులు దాన్నీ చిన్నవాడు యోహెయ్‌నీ తీసుకుని జపాన్ సముద్రం వైపున్న సాన్‌ఇన్ తీరమంతా తిరిగాను. ఇన్నేళ్ళలో ఆ ప్రయాణాల గురించి మా ఆయన నన్ను ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఇప్పుడు వేస్తున్నాడు. ఇదెక్కడ, ఆ రోజు వానా ఎండా, యోహెయ్ ఎందుకు ముఖం అలా పెట్టాడు, అన్నీ అడుగుతున్నాడు. నేను టీ చల్లారిపోతున్నా చూసుకోకుండా చెప్పాను. సముద్రంలోకి పొడుచుకొచ్చిన నెజుమి మొన దగ్గర ఏం జరిగిందో చెప్పాను. ఆయన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. మరిచిపోకుండా రాసుకుంటున్నాడనుకున్నాను. నా కథ నా నోటితోనే ఆయన చేతిలో పెడుతున్నానని నాకేం తెలుసు?

జూలై మొదటి వారంలో కోబె నుంచి కొజుయే ఫోన్ చేసింది. అక్కడ పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది.

"అమ్మా, నాన్న రాసింది చదివావా? రైల్లో చదువుతూ ఏడ్చేశాను. పక్క సీటాయన రుమాలు తీసి ఇవ్వబోయాడు."

"ఏం రాశాడేమిటి?"

"అదే, నెజుమి మొన దగ్గర నా కాలు బెణికితే వీపున ఎక్కించుకుని కిందికి దింపాడు కదా."

"ఎవరు?"

"నాన్న."

నేను ఉల్లికాడలు తరుగుతున్నాను. కత్తి కింద పెట్టాను.

"నిన్ను మోసింది నేను."

"నువ్వూ ఉన్నావులే అమ్మా. వీపు మాత్రం నాన్నదే. నాకు బాగా గుర్తుంది. ఇంత వెడల్పు!"

ఆరేళ్ళ పిల్లకి ఎవరి వీపైనా వెడల్పుగానే ఉంటుంది. ఆ మాట అప్పుడు నోటికి రాలేదు. "సరే, కూర మాడుతోంది" అని ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

మా ఆయన జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళాడు. బల్లమీద ఆయన ట్యాబ్ తెరిచే ఉంది. చదివాను.

'గాలి హోరెత్తిపోతోంది. కూతుర్ని వీపున వేసుకుని రెండువందల పదకొండు మెట్లు దిగాను. నాన్నా, దీపం మనల్నే చూస్తోంది అంది చెవిలో. అంత తేలికైన బరువు నా జీవితంలో మళ్ళీ మొయ్యలేదు.'

తేలికైన బరువట! పంతొమ్మిది కిలోలు. ఆ రోజు దాని చెప్పొకటి సముద్రంలో పడిపోయింది. మూడేళ్ళ యోహెయ్ నా గౌను అంచు పట్టుకుని, 'నన్నూ ఎత్తుకో' అని మెట్టు మెట్టుకీ ఏడ్చాడు. కింద స్క్విడ్‌లు ఎండబెట్టే ముసలావిడ చూసి, "ఏమ్మా, మీ ఆయన చచ్చిపోయాడా?" అని జాలిగా అడిగింది. దీపం మనల్నే చూస్తోందని ఎవరూ అనలేదు. "అమ్మా, ఉచ్చొస్తోంది" అంది, అంతే.

దాని కింద ఎనభై నాలుగు మంది మెచ్చుకున్నారు. 'ఎంత మంచి తండ్రి!' 'మా ఆయనకి ఇది చదివి వినిపించాలి.'

మధ్యాహ్నం చల్లటి సోమెన్ నూడుల్స్ పెట్టాను. ఆయన రెండుసార్లు జుర్రుకున్నాక అన్నాను.

"నెజుమి మొన దగ్గర మీరు లేరు."

"ఆఁ?"

"మీరు లేరు. కొజుయేని మోసింది నేను."

"అబ్బా, దానికేముందోయ్. మన కుటుంబం వెళ్ళింది. కుటుంబం తరఫున నేను రాశాను."

"'నేను దిగాను' అని రాశారు."

"రాస్తున్నప్పుడు అలా వచ్చేస్తుంది. 'మా ఆవిడ దిగింది, నేను ఇంకో ఊళ్ళో ఉన్నాను' అని రాస్తే ఎవరు చదువుతారు?"

"చదవకపోతే మానెయ్యండి."

ఆయన చాప్‌స్టిక్స్ గిన్నె మీద అడ్డంగా పెట్టాడు. "నేనేమైనా షికార్లు చేస్తున్నానా ఆ రోజుల్లో? హమామట్సులో మిషను కింద దూరి నూనె పూసుకుంటున్నాను. మీ ముగ్గురి టికెట్లు ఎక్కడినుంచి వచ్చాయనుకున్నావు?"

ముప్పై ఏళ్ళుగా ఈ మాటతోనే నా నోరు మూతపడేది. ఆ రోజూ పడింది. నిజమే కదా మరి. ఆగస్టులో పోయిన పెద్దల్ని తలుచుకునే ఒబోన్ పండగ సెలవులకి ఫ్యాక్టరీలు మూస్తేనే వీళ్ళు వెళ్ళి కొత్త మిషన్లు బిగించగలిగేది. ఊరంతా సెలవుల్లో ఉంటే ఈయనకి పని. నేను జాలిపడేదాన్ని కూడా. తిరిగొచ్చేటప్పుడు ప్రతిసారీ ఈయన కోసం ఎండు చేప తెచ్చేదాన్ని.

జూలై సగమైనా వాన ఆగలేదు. "ఏమోయ్, నీకు ఓపికెక్కువ. ఈ డబ్బాలన్నీ తేదీల వారీగా సర్దిపెట్టు" అని నాకు పని అప్పజెప్పి ఆయన లైబ్రరీకి వెళ్ళాడు. నెలాఖరు శనివారం మా వార్డు సమావేశ మందిరంలో ఆయన మాట్లాడాలి. 'ఒక తండ్రి, అరవై ఒక్క దీపాలు' అని కాగితాలు కూడా అంటించారు. 'దీపాల దారి'లో సాన్‌ఇన్ తీరం పేజీలు చూసుకునే పెద్దాయన, ఉజిహారా గారు, మత్సుఎ నుంచి వస్తానన్నాడు.

ఏడో డబ్బాలో ఆయన కంపెనీ ఫోటోలు కలిసిపోయి ఉన్నాయి. ఒకదాంట్లో ఆరుగురు మగాళ్ళు, వేడినీళ్ళ ఊట సత్రంలో ఇచ్చే నూలు అంగీలు తొడుక్కుని, ముందర చేపల పళ్ళెం, బీరు సీసాలు, మాజోంగ్ జూదం బిళ్ళలు. మధ్యలో మా ఆయన. టై తలకి కట్టుకుని, కొండనాలిక కనబడేలా నవ్వుతున్నాడు. ఫోటో మూలన నారింజ రంగు అంకెలు. '91 8 14.

నెజుమి మొన ఫోటో తీసి పక్కన పెట్టాను. '91 8 14.

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. తర్వాత డబ్బా మొత్తం బోర్లించాను. తొంభై మూడు ఆగస్టు పదమూడు, గోల్ఫ్. తొంభై నాలుగు ఆగస్టు పదిహేను, గోల్ఫ్. తొంభై ఆరు, మళ్ళీ అదే సత్రం, మళ్ళీ అదే టై. కొన్నేళ్ళు నిజంగానే పనికి వెళ్ళి ఉండొచ్చు. ఏ ఏళ్ళో ఇక నేను తేల్చుకోలేను.

ఇంకో ఆడదెవరైనా ఉండుంటే తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికేది. ఇక్కడ ఎవరున్నారు? ఆరుగురు మగాళ్ళు, బీరు. పిల్లల దగ్గరికి రావడం కన్నా అది బాగుంది, అంతే. మూడు వందల అరవై రోజుల తర్వాత వచ్చిన ఐదు రోజులు.

నేను కోపం వస్తే అక్కడికక్కడే అరిచేసే మనిషిని. ఆ రోజు అరవలేదు. అరిస్తే తగ్గిపోతుందేమోనని భయమేసింది. నాలుగు ఫోటోలూ ఏప్రన్ జేబులో పెట్టుకుని, మిగతావి తేదీల వారీగా సర్దిపెట్టాను.

శనివారం రెండు గంటలకి మందిరంలో నలభై మంది దాకా కూర్చున్నారు. వాన పోయి ఎండ విరగకాస్తోంది. అందరూ విసనకర్రలు విసురుకుంటున్నారు. నేను వెనక బల్ల దగ్గర బార్లీ టీ పోస్తున్నాను. ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా, అలాంటి చోట టీ పోసేది ఎవరో అందరికీ తెలుసు. మా ఆయన తెర మీద ఒక్కో ఫోటో వేస్తూ బాగానే మాట్లాడాడు. ఆఫీసులో అలవాటేగా. నెజుమి మొన దగ్గర కళ్ళు తడి కూడా చేసుకున్నాడు. ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

ఉజిహారా గారు చెయ్యెత్తాడు. బక్కపల్చటి మనిషి, మెడలో భూతద్దం వేలాడేసుకుని ఉన్నాడు.

"హిరుకావా గారూ, తెలియక అడుగుతున్నాను. ఆ రోజుల్లో రేవు నుంచి మొన దాకా బస్సు లేదు. ఎనిమిది కిలోమీటర్లు. చిన్నపిల్లలతో అంతదూరం ఎలా వెళ్ళారండీ?"

మా ఆయన నవ్వాడు. నవ్వుతూనే వెనక్కి తిరిగి, మందిరం చివరికంటా వినబడేలా, "ఏమోయ్, అప్పుడు మనం ఎలా వెళ్ళాం?" అన్నాడు.

నలభై తలలు నావైపు తిరిగాయి. నా చేతిలో కెటిల్ ఉంది.

"నాకేం తెలుసండీ? మీరేగా వెళ్ళింది."

"చూశారా, మా ఆవిడకి ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది" అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు. మంచి నవ్వే, ఎవరి మనసులోనూ చెడు లేదు.

నేను ఉజిహారా గారి కప్పు నింపడానికి ముందుకి వెళ్ళాను.

"ఐసు లారీలో వెళ్ళానండీ. చేపల సంఘం లారీ. నేనూ, ఇద్దరు పిల్లలూ. డ్రైవరు కొజుయేని ఒళ్ళో కూర్చోబెట్టుకుని హారన్ కొట్టనిచ్చాడు. వచ్చేటప్పుడు లారీ లేదు, నడిచాను."

వెళ్ళాం అనలేదు. వెళ్ళాను అన్నాను.

ఉజిహారా గారు నా ముఖంలోకి చూశాడు. "అవును, అప్పట్లో ఐసు లారీయే తిరిగేది" అని మెల్లిగా అని, కప్పు రెండు చేతులతో అందుకున్నాడు. ఇక ఏ ప్రశ్నా వెయ్యలేదు. మా ఆయన తర్వాతి ఫోటో వేశాడు. వేసినవాడు దాని గురించి ఏం చెప్పాలో తోచక, తేదీ ఒకటి చదివి, ఇంకో ఫోటోకి పోయాడు.

తిరిగొస్తుంటే కారులో మొదలుపెట్టాడు.

"నలుగురిలో నా పరువు తీశావు."

నేను జేబులోంచి మొదటి ఫోటో తీసి స్టీరింగు ముందర పెట్టాను. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం. చూశాడు. పచ్చ దీపం పడింది. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా కదల్లేదు.

"ఆ ఒక్కసారే" అన్నాడు.

రెండోది పెట్టాను. మూడోది, నాలుగోది పెట్టాను.

"సెక్షన్ చీఫ్ రమ్మంటే కాదనడం కుదిరేదా ఆ రోజుల్లో? నీకు తెలీదు."

"నాకు చెప్పొచ్చు కదా."

"చెబితే ఊరుకునేదానివా?"

"ఊరుకునేదాన్ని కాదు."

"మరి!" అన్నాడు, ఏదో గెలిచినట్టు.

తర్వాతి సిగ్నల్‌లో తలుపు తీసుకుని దిగేశాను. ముప్పై ఆరు డిగ్రీల ఎండ. ఇంటికి మూడు కిలోమీటర్లు. ఆయన కారు నా పక్కనే మెల్లగా వస్తూ, "ఎక్కు, వడదెబ్బ తగులుతుంది, నలుగురూ చూస్తున్నారు" అని బతిమాలింది. ఎక్కలేదు. చూడనీ.

మర్నాడు పొద్దున ఆయన ముందరే ట్యాబ్ తీసుకుని 'దీపాల దారి'లో నా పేరు రాసుకున్నాను. హిరుకావా కిమియె. అవే ఫోటోలు పెట్టాను. వేరే ఫోటోలు నాకెక్కడివి? ఒక్క వేలితో టైపు చేశాను. రోజుకి ఐదారు చొప్పున రాస్తూ పోయాను.

'ఇక్కడ టాయిలెట్ లేదు. ఇద్దరు పిల్లలు. గోడ చాటు కూడా లేదు. మా ఆయన ఆ రోజు గోల్ఫ్ ఆడుతున్నాడు.'

'దీపం బాగుంది. నేను రెండు నిమిషాలు చూశాను. మిగతా గంటన్నర చిన్నవాడు అంచుదాకా పోకుండా చూశాను.'

'వెళ్ళొచ్చాను. మళ్ళీ వెళ్ళమంటే వెళ్ళను.'

మూడో రోజున ఉజిహారా గారి దగ్గర్నుంచి ఉత్తరం లాంటిది వచ్చింది. ఒకే ఫోటోలు రెండు పేర్ల మీద ఉన్నాయి, నియమం ప్రకారం అడగక తప్పడం లేదు, మన్నించాలి, వీటిలో మీరు ఎక్కడా కనబడటం లేదు, అని. 'ఫోటో తీసింది నేను కాబట్టి' అని జవాబిచ్చాను. సాయంత్రానికల్లా రాసినవన్నీ ఒప్పుకున్నాడు. మా ఆయనకి ఆయనేం రాశాడో నాకు తెలియదు. కానీ ఆ మర్నాటినుంచి మా ఆయన పేరు పక్కన దీపాలు ఒక్కోటీ ఆరడం మొదలైంది. ఎవరూ తీసెయ్యలేదు, తనే తీసేసుకున్నాడు. బల్లకి ఆ చివర ఫోన్ పట్టుకుని కూర్చుని, నేను రాసింది చదవడం, తనది చెరపడం. వారం రోజులు పట్టింది. ఆ వారంలో నాతో ఒక్క మాటే మాట్లాడాడు.

"అక్కడ నిజంగా టాయిలెట్ లేదా?"

"లేదు."

ఒబోన్‌కి కొజుయే వచ్చింది. పీచ్ పళ్ళ పెట్టె గుమ్మంలోనే దించి, చెప్పులు విప్పకుండానే అందుకుంది.

"మా డాక్టరుగారి భార్య కూడా చదివిందమ్మా! మీ నాన్నేనా గోల్ఫ్ ఆయన అని అడిగింది. నేనేం చెప్పాలి? ఇంట్లో తిట్టుకోవచ్చు కదా, ఊరందరి ముందూ ఎందుకు?"

"ఆయన ఊరందరి ముందూ నిన్ను మోశాడు కాబట్టి."

"పాతికేళ్ళ నాటి సంగతి! ఎవరు మోస్తే ఏమిటి?"

"ఎవరు మోస్తే ఏమిటా?" నా గొంతు ఇంటి పైకప్పుకి తగిలింది. "అడుగు. అక్కడే కూర్చున్నాడు కదా, అడుగు మీ నాన్నని!"

మా ఆయన పుచ్చకాయ ముక్క చేతిలో పట్టుకుని ఉన్నాడు. దాన్ని పళ్ళెంలో పెట్టి, తల ఎత్తకుండా, "నేను లేనమ్మా" అన్నాడు. "ఆ రోజు నేను అక్కడ లేను. తాగి పడుకున్నాను, వేరే ఊళ్ళో."

కొజుయే మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"మరి నాకు గుర్తున్నదేమిటి?" అంది. "ఇన్నాళ్ళూ ఆ వీపు నాకు గుర్తుందనుకున్నాను. బడిలో వ్యాసం కూడా రాశాను."

నాలుగు రోజులుండాల్సిన పిల్ల మర్నాడు పొద్దున్నే బండెక్కింది. ఆ కోపం నామీదో ఆయనమీదో నాకు ఇప్పటికీ తెలియదు. చెరి సగమూ అనుకుంటాను. నా వాటా నేను తీసుకున్నాను. నిజం చెప్పినందుకు పశ్చాత్తాపం లేదు. కానీ దాని దగ్గర ఉన్న ఒక నాన్నని లాగేసుకున్నాను, ఆ స్థానంలో ఏమీ పెట్టలేదు. అది రాత్రిపూట కాదు, పట్టపగలు గిన్నెలు తోముతుంటే గుచ్చుకుంటుంది.

నేను పై గదిలోకి మారిపోయాను. అన్నం ఇద్దరికీ వండుతున్నాను, వడ్డించడం మానేశాను.

సెప్టెంబరు రెండో వారంలో ఒక పొద్దున వంటింట్లో చప్పుడైతే దిగి చూశాను. మా ఆయన అన్నం ముద్దలు కడుతున్నాడు. చెయ్యి తడి చేసుకోవాలని తెలియక అన్నమంతా వేళ్ళకి అంటించుకున్నాడు.

"నెజుమి మొనకి వెళ్ళొస్తాను" అన్నాడు. "వస్తావా?"

"రాను."

"రైలు ఆరూ నలభైకి."

"తెలుసు."

ఆయన విరిగిపోయిన ముద్దల్ని డబ్బాలో కుక్కుకుని, టోపీ పెట్టుకుని వెళ్ళాడు. చీకటి పడకముందే వచ్చాడు. ముక్కు ఎండకి ఎర్రగా కమిలింది. మడమ దగ్గర మేజోడుకి రక్తం అంటుకుంది. ఏం చెబుతాడోనని చూశాను. స్నానం చేసి, తన కంచం తనే కడుక్కున్నాడు. 'దీపాల దారి'లో ఏదైనా పెట్టాడేమోనని కూడా చూశాను. ఏమీ పెట్టలేదు. తర్వాతి వారం ఇంకో మొనకి వెళ్ళాడు. ఆ పై వారం ఇంకోటి. ప్రతిసారీ వస్తావా అని అడిగాడు, ప్రతిసారీ రానన్నాను.

నెలాఖరున కొజుయే ఫోన్ చేసింది. ఒబోన్ తర్వాత అదే మొదటిసారి.

"నాన్న ఎక్కడినుంచో ఫోటో పంపాడు. ఒక్కడే బస్టాపులో కూర్చున్నాడు. ముఖమంతా వాడిపోయుంది."

"ఆఁ, గురువారం వెళ్ళాడు."

"అరవై ఆరేళ్ళ మనిషమ్మా. ఎండలో కళ్ళు తిరిగి పడిపోతే ఎవరున్నారు? ఒక్కణ్ణే అలా పంపడం క్రూరంగా లేదూ?"

"ఒక్కడేగా వెళ్తున్నాడు" అన్నాను. "చంకన ఒకర్ని, చేతికి ఒకర్ని ఇచ్చి, నీళ్ళ సీసాలూ పొడిబట్టలూ భుజాన తగిలించి పంపినప్పుడు అడుగు, క్రూరమా కాదా అని."

నవ్వుతుందేమో, పెట్టేస్తుందేమో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. కోబె స్టేషన్లో ఏదో రైలు వచ్చిపోయిన చప్పుడు వినబడింది.

"అమ్మా" అంది, రైలు పోయాక. "ఆ వేసవుల్లో మా ఇద్దరిలో ఎక్కువ ఏడ్చింది ఎవరు? యోహెయా, నేనా?"

"నువ్వే" అన్నాను.